చెన్నై ఎండల్లో ల్యాప్‌టాప్ బ్యాటరీ: ముందు లెక్క, తర్వాతే కొత్తది

చార్జర్ పీకిన గంటకే ల్యాప్‌టాప్ పడుకుంటోందంటే చెన్నైలో ఉన్నవాళ్లకి మొదట గుర్తొచ్చేది రిచీ స్ట్రీట్. మౌంట్ రోడ్ దాకా వెళ్లి, బేరమాడి, కొత్త బ్యాటరీ వేయించుకుని వస్తారు. నెల తిరిగేసరికి మళ్లీ అదే తంతు. బ్యాటరీ నిజంగా పోయిందా, ల్యాప్‌టాపే కరెంటు ఎక్కువ తాగుతోందా, శాతం చూపించే మీటరు దారి తప్పిందా అన్నది తేల్చుకోకుండా డబ్బు తీస్తే అంతే మరి. మూడూ వేర్వేరు జబ్బులు, మందులూ వేరే. మొదటి రెండూ తేల్చుకోవడానికి ఓ పావుగంట చాలు, మీటరు సంగతికి ఇంకొన్ని గంటలు పడుతుంది; పైసా ఖర్చు లేదు.

మొదట రిపోర్టు తీయండి

విండోస్ 10 అయినా 11 అయినా పద్ధతి ఒకటే. స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ అని వెతికి తెరవండి. అందులో పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లీషులో టైప్ చేయాలి: పవర్ అనే మాటకి సీ, ఎఫ్, జీ అక్షరాలు ఖాళీ లేకుండా అతికించాలి. తర్వాత ఒక ఖాళీ, ముందుకు వాలిన గీత, ఆ గీతని ఆనుకునే బ్యాటరీరిపోర్ట్ అని ఒకే మాటగా. ఎంటర్ కొట్టండి. రిపోర్టు ఎక్కడ సేవ్ అయిందో ఆ కింది లైన్లోనే చూపిస్తుంది, మామూలుగా మీ యూజర్ ఫోల్డర్లోనే ఉంటుంది. దాన్ని డబుల్ క్లిక్ చేస్తే బ్రౌజర్లో తెరుచుకుంటుంది.

పొడుగాటి పేజీ చూసి బెదరక్కర్లేదు. ఇన్‌స్టాల్డ్ బ్యాటరీస్ అనే చోట మూడు సంఖ్యలు రాసుకోండి. డిజైన్ కెపాసిటీ అంటే ఫ్యాక్టరీలో పెట్టిన సామర్థ్యం. ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇవాళ నిండా చార్జ్ చేస్తే పట్టేది. సైకిల్ కౌంట్ అంటే ఎన్నిసార్లు నిండి ఖాళీ అయింది అన్న లెక్క. సగం సగంగా రెండుసార్లు వాడితే రెండూ కలిపి ఒక్క సైకిలే. కొన్ని మోడళ్లలో సైకిల్ కౌంట్ దగ్గర గీత మాత్రమే ఉంటుంది, కంగారు పడకండి.

ఉదాహరణకి డిజైన్ కెపాసిటీ 50,000 మిల్లీవాట్ అవర్లు (బ్యాటరీలో పట్టే కరెంటుకి కొలత, వెయ్యి కలిస్తే ఒక వాట్ అవర్), ఫుల్ చార్జ్ కెపాసిటీ 38,500 ఉన్నాయనుకోండి. రెండోదాన్ని మొదటిదాంతో భాగించి వందతో గుణిస్తే 77 శాతం. అదే మీ బ్యాటరీ ఆరోగ్యం. 80 పైన ఉంటే దాని జోలికి పోవద్దు. 60 నుంచి 80 మధ్య ఉంటే జాగ్రత్తగా వాడుకుంటూ నెట్టుకురావచ్చు. 60 కిందికి దిగి, పనికి అడ్డం పడుతుంటే అప్పుడు మార్చడం గురించి ఆలోచించండి. ఈ సంఖ్య వారం వారానికి రెండు మూడు శాతం అటూ ఇటూ ఊగుతుంది. ఒక్కరోజు చూసి గాభరా పడకుండా, అదే రిపోర్టులో కిందుండే బ్యాటరీ కెపాసిటీ హిస్టరీలో నెలల తరబడి ఎలా తగ్గుతూ వచ్చిందో చూడండి. మెల్లగా దిగుతుంటే వయసు. ఉన్నట్టుండి నిలువునా పడిపోతే లోపల ఏదో ఒక సెల్ దెబ్బతింది, లేదా మీటరు తప్పింది.

మ్యాక్‌బుక్ అయితే ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని ఎడమ మూల ఆపిల్ గుర్తు మీద క్లిక్ చేయండి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లోకి వెళ్లి పవర్ తెరవండి. సైకిల్ కౌంట్, కండిషన్ అక్కడే ఉంటాయి. ఇటీవలి మ్యాక్‌బుక్‌లకి ఆపిల్ చెప్పే హద్దు 1000 సైకిళ్లు. లైనక్స్ వాడేవాళ్లకి యూపవర్ కమాండ్ ఉంది. అందులో పర్సెంటేజ్ అన్నది ఇప్పుడున్న చార్జ్, కెపాసిటీ అన్నదే ఆరోగ్యం. ఈ రెండూ కలగాపులగం చేసుకుని 40 శాతమే మిగిలిందని బెంబేలెత్తేవాళ్లున్నారు.

తాగుతున్నదెంతో చూడండి

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇది, అసలు గుట్టు ఉండేది కూడా ఇక్కడే. అదే రిపోర్టులో బ్యాటరీ యూసేజ్ అనే భాగంలో ఎంతసేపట్లో ఎంత ఖర్చయిందో ఉంటుంది. గంటన్నరలో 27,000 మిల్లీవాట్ అవర్లు పోయాయంటే గంటకి 18,000, అంటే 18 వాట్లు. పైన చెప్పిన 38,500 బ్యాటరీ ఈ లెక్కన రెండు గంటల పైన ఓ ఎనిమిది నిమిషాలు వస్తుంది. ఇప్పుడు డబ్బు పెట్టి కొత్త బ్యాటరీ వేశారనుకోండి, అదే 18 వాట్ల మీద 50,000 బ్యాటరీ రెండు గంటల నలభై ఆరు నిమిషాలు నిలుస్తుంది. మొత్తం లాభం నలభై నిమిషాల లోపే. అదే ఖర్చుని 9 వాట్లకి దించగలిగితే పాత బ్యాటరీయే నాలుగు గంటల పావు ఇస్తుంది.

దించడం ఎలా? మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్, వర్డ్, మెయిల్ పనికి 6 నుంచి 12 వాట్లు సహజం. అంతకు మించితే టాస్క్ మేనేజర్ తెరిచి సీపీయూ నిలువు వరుస మీద క్లిక్ చేయండి, ఎక్కువ తినేవి పైకొస్తాయి. వీడియో కాల్ యాప్, క్లౌడ్ సింక్, యాంటీవైరస్ స్కాన్, మూసేయని నలభై ట్యాబ్‌లు: దొంగలు తరచూ వీళ్లే. స్క్రీన్ వెలుతురు సగానికి తగ్గిస్తేనే ఒకటి రెండు వాట్లు మిగులుతాయి. 144 హెర్ట్జ్ స్క్రీన్ ఉంటే బ్యాటరీ మీద ఉన్నప్పుడు 60కి దించండి. గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకి మాత్రం ఒక చేదు నిజం: విడిగా ఉండే గ్రాఫిక్స్ చిప్ మేలుకుని ఉంటే ఏ పనీ చేయకపోయినా 20 వాట్లు దాటుతుంది. అది బ్యాటరీ లోపం కాదు, ఆ యంత్రం తీరే అంత.

బ్యాగులో పెట్టినప్పుడు వేడెక్కుతోందా? కొత్త ల్యాప్‌టాప్‌లు మూత మూసినా పూర్తిగా నిద్రపోవు, ఫోన్‌లా సగం మేలుకునే ఉంటాయి. వేళచేరిలో మూత మూసి బ్యాగులో వేసుకుని, ఓఎంఆర్ ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుని ఆఫీసులో తీసేసరికి జ్వరంతో ఒళ్లు కాలుతున్న పిల్లాడిలా ఉంటుంది, చార్జ్ కూడా పాతిక శాతం గాలికి పోయి ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, మూత మూస్తే ఏం చేయాలన్న చోట స్లీప్ తీసి హైబర్నేట్ పెట్టండి. తెరిచినప్పుడు పదిహేను సెకన్లు ఆగాలి, అంతే.

మీటరు తప్పిందేమో

30 శాతం ఉందని చూపిస్తూనే టప్పున ఆగిపోతుంటే రెండు కారణాలు ఉండొచ్చు. బ్యాటరీలో ఉండే చిన్న చిప్ మిగిలిన చార్జ్‌ని అంచనా వేస్తుంది. నెలల తరబడి ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచితే ఆ అంచనా తప్పుతుంది. ఇది మొదటిది. ముందు దీన్నే సరిచేసి చూడండి. చార్జ్ లిమిట్ (ఇంత శాతం దగ్గర ఆగిపోవాలన్న హద్దు) ఏదైనా పెట్టి ఉంటే తీసేసి 100 శాతం దాకా ఎక్కించండి, మరో రెండు గంటలు ప్లగ్‌లోనే వదిలేయండి. తర్వాత చార్జర్ పీకేసి, తనంతట తాను హైబర్నేట్ అయ్యేదాకా వాడండి. రెండు మూడు గంటలు చల్లారనిచ్చి, మధ్యలో ఆపకుండా మళ్లీ 100కి ఎక్కించి కొత్త రిపోర్టు తీయండి.

ఆ తర్వాత కూడా 25, 30 దగ్గర ఆగిపోతుంటే రెండో కారణం. లోపలి నిరోధం పెరిగి, బరువైన పని ఇవ్వగానే వోల్టేజ్ కుప్పకూలుతోంది. దానికి చికిత్స లేదు, మార్చడమే.

ఈ పని నెలనెలా చేయమని చెప్పేవాళ్ల మాట వినకండి. పూర్తిగా ఖాళీ చేయడం పాతకాలపు నికెల్ కాడ్మియమ్ బ్యాటరీలకి చెల్లింది. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియమ్ అయాన్ రకానికి ఆ అవసరం లేదు. పైగా ప్రతిసారీ అడుగంటా వాడటం దీనికి అరుగుదలే. మీటరు తప్పినప్పుడు మాత్రమే చేయండి.

80 దగ్గర ఆపండి

రోజంతా ప్లగ్‌లో ఉంచితే ఓవర్‌చార్జ్ అయిపోతుందన్న భయం అక్కర్లేదు. నిండగానే సర్క్యూట్ చార్జింగ్ ఆపేస్తుంది, ల్యాప్‌టాప్ నేరుగా అడాప్టర్ మీద నడుస్తుంది. చేటు చేసేది ఓవర్‌చార్జ్ కాదు, 100 శాతం దగ్గర గంటల తరబడి కూర్చోవడం. మామూలు లిథియమ్ సెల్ నిండినప్పుడు 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ ఒత్తిడిలో లోపలి ద్రవం మెల్లగా చెడుతూ, గ్రాఫైట్ మీద ఒక పొర మందమవుతూ పోతుంది. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా గార కట్టినట్టు. ఆ పొరలో ఇరుక్కున్న లిథియమ్ మళ్లీ పనికిరాదు. దీనికి వేడి తోడైతే వేగం పెరుగుతుంది.

ఎంత తేడా అంటే, 40 శాతం చార్జ్‌తో 25 డిగ్రీల్లో ఏడాది ఊరికే ఉంచిన బ్యాటరీలో సుమారు 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. అదే 25 డిగ్రీల్లో 100 శాతంతో ఉంచితే 80. 40 డిగ్రీల్లో 100 శాతంతో ఉంచితే 65. చివరి సంఖ్య మళ్లీ చదవండి, ఎందుకంటే మే నెలలో ఏసీ లేని మేడ మీద గది అంటే దాదాపు అదే. మన పంచాంగం కర్తరి అనేదాన్ని ఇక్కడివాళ్లు కత్తిరి అంటారు, పేరు మారినా మంట మారదు. ఆపిల్ తన ల్యాప్‌టాప్‌లని 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. ఆ రోజుల్లో నీడలోనే ఆ గీత దాటుతాం.

అందుకే చార్జ్ లిమిట్ పెట్టండి. లెనోవోలో వాంటేజ్ యాప్ తెరిచి పవర్ విభాగంలో కన్జర్వేషన్ మోడ్ ఆన్ చేయాలి. ఆసుస్‌లో మైఆసుస్ యాప్‌లో బ్యాటరీ కేర్ ఉంటుంది. కొంచెం పాత మోడళ్లలో 60, 80, 100 అని మూడు ఎంపికలు కనిపిస్తాయి. డెల్‌లో బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల పేజీ) వెళ్తే బ్యాటరీ చార్జ్ కాన్ఫిగరేషన్ దొరుకుతుంది: ఎక్కువగా ప్లగ్‌లోనే ఉంటే ప్రైమరిలీ ఏసీ, లేదా కస్టమ్ ఎంచుకుని 50 దగ్గర మొదలు, 80 దగ్గర ఆపు అని మీరే పెట్టుకోవచ్చు. హెచ్‌పీ బిజినెస్ మోడళ్ల బయోస్‌లో బ్యాటరీ హెల్త్ మేనేజర్ అని ఉంటుంది, అందులో మ్యాక్సిమైజ్ మై బ్యాటరీ హెల్త్ పెడితే 80 దగ్గర ఆగుతుంది. ఏసర్‌లో ఏసర్‌సెన్స్ లేదా కేర్ సెంటర్. మీ మోడల్లో ఏదీ లేకపోతే 80 దాటాక ప్లగ్ తీసి 30కి వచ్చాక పెట్టడమే. విసుగే, కానీ పనిచేస్తుంది.

ఇది పెట్టిన మర్నాడు ప్లగ్‌డ్ ఇన్, నాట్ చార్జింగ్ అని కనబడితే చార్జర్ పోయిందని పరిగెత్తకండి. లిమిట్ పనిచేస్తోందన్నమాట. లిమిట్ పెట్టకుండానే అలా వస్తుంటే అప్పుడు చార్జర్ని అనుమానించండి. 65 వాట్లు కావలసిన ల్యాప్‌టాప్‌కి ఫోన్‌తో వచ్చిన 25 వాట్ల టైప్ సీ చార్జర్ తగిలిస్తే ఎక్కదు, ఎక్కినా నత్తనడకే. కొన్ని కంపెనీల గుండ్రటి పిన్ను చార్జర్ల మధ్యలో సన్నటి సూదిలాంటిది ఉంటుంది. అది వంగితే ల్యాప్‌టాప్ ఆ చార్జర్ని గుర్తుపట్టదు, నడుస్తుంది కానీ చార్జ్ కాదు.

సంక్రాంతికి నెల్లూరో విజయవాడో వెళ్తూ ల్యాప్‌టాప్ గదిలో వదిలేస్తున్నారా? 50 శాతం దగ్గర పూర్తిగా షట్‌డౌన్ చేసి, కిటికీ ఎండ తగలని బీరువాలో పెట్టండి. నిండా చార్జ్ చేసి పెట్టడం తప్పు, ఖాళీ చేసి పెట్టడం అంతకన్నా పెద్ద తప్పు. సున్నా దగ్గర నెలల తరబడి పడుంటే సెల్ వోల్టేజ్ మరీ కిందికి జారిపోయి, రక్షణ సర్క్యూట్ దాన్ని శాశ్వతంగా మూసేయొచ్చు.

వేడి తగ్గించే పనులు పెద్దగా చెప్పక్కర్లేదు. పరుపు మీద, దిండు మీద పెట్టొద్దు, కింద రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండేలా స్టాండు పెట్టండి, ఏడాదికోసారి ఫ్యాన్ దుమ్ము తీయించండి. బీచ్‌కి దగ్గర్లో తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ వైపు ఉండేవాళ్లు చార్జింగ్ పోర్టులో పచ్చగా చిలుము పట్టిందేమో కూడా చూసుకోండి, ఉప్పుగాలి దాన్ని ఊరికే వదలదు. ఆపి ఉన్న కారులో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలొద్దు.

ఉబ్బితే ఆ క్షణమే ఆపండి

ట్రాక్‌ప్యాడ్ నొక్కుడు పడకపోవడం, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఒక మూల ఊగడం, మూత సరిగ్గా మూసుకోకపోవడం, కింది పలక అతుకు దగ్గర సన్నగా విడటం: ఇవన్నీ లోపల గ్యాస్ పుట్టి బ్యాటరీ ఉబ్బుతోందనడానికి గుర్తులు. రిపోర్టులో 85 శాతం ఉన్నా సరే, ఉబ్బిన బ్యాటరీ వాడకూడదు. షట్‌డౌన్ చేసి చార్జర్ తీసేయండి. నొక్కి సరిచేయాలని చూడొద్దు, గుచ్చి గాలి తీయడం అసలే వద్దు, ఆ పొర చిరిగితే నిప్పు. గచ్చు మీద, కాలే వస్తువులకి దూరంగా పెట్టి, ఎండ తగ్గాక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. కొరియర్‌లో పంపకండి.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

వారంటీ ఉంటే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్ని అడగండి. చాలా కంపెనీలు ల్యాప్‌టాప్‌కి ఇచ్చినన్నాళ్లు బ్యాటరీకి ఇవ్వవు, బిల్లు చూసుకోండి. బయట కొనాలంటే ల్యాప్‌టాప్ మోడల్ పేరు చెప్పి అడగకండి. అదే మోడల్లో రెండు మూడు రకాల బ్యాటరీలు వస్తాయి. కింది పలక తీసి, పాత బ్యాటరీ మీద ఉన్న పార్ట్ నంబరు, వోల్టేజ్, వాట్ అవర్లు ఫోటో తీసుకెళ్లండి. షాపులో ఒరిజినల్, ఓఈఎమ్ (కంపెనీకి తయారుచేసి ఇచ్చేవాళ్ల సరుకన్న పేరు), కంపాటిబుల్ (వేరేవాళ్లు చేసినా ఇందులో పట్టేది) అని మూడు ధరలు చెప్తారు. మధ్యదానికి అర్థం ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకునేదే.

చేతిలోకి తీసుకుని ఇవి చూడండి. వోల్టేజ్‌ని ఆంపియర్ అవర్లతో గుణిస్తే లేబుల్ మీద ఉన్న వాట్ అవర్లు రావాలి: 11.4 వోల్టులు, 3.7 ఆంపియర్ అవర్లు అంటే సుమారు 42 వాట్ అవర్లు. లెక్క కుదరకపోతే లేబుల్ అబద్ధం. ఒరిజినల్ కన్నా అదే సైజులో నలభై శాతం ఎక్కువ కెపాసిటీ అని రాసి ఉన్నా అబద్ధమే. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాంతోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీకి ఇచ్చారో అక్కడికక్కడే తెలుస్తుంది. తయారీ తేదీ రెండేళ్లు దాటితే వద్దనండి. వాడకపోయినా బ్యాటరీకి వయసు ఆగదు.

బిగించడం మీరే చేసుకుంటానంటే, పాత బ్యాటరీని ముందే 25 శాతం కిందికి దింపండి. పొరపాటు జరిగినా నిప్పుకి బలం తక్కువ ఉంటుంది. షట్‌డౌన్ చేసి చార్జర్ తీయండి. స్క్రూలు ఒక కాగితం మీద అవి ఉన్న చోటే గీసుకుని పెట్టుకోండి, పొడవు తేడా ఉంటుంది; పొడుగు స్క్రూ పొట్టిదాని చోట పెడితే మదర్‌బోర్డుకి తగులుతుంది. కింది పలకని పాత ఏటీఎం కార్డులాంటి ప్లాస్టిక్ ముక్కతో విడదీయండి, స్క్రూడ్రైవర్‌తో కాదు. అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ తీయాలి: తీగలు పట్టుకుని లాగకుండా, ప్లాస్టిక్ తల రెండు వైపులా పట్టుకుని. తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది. జిగురుతో అతికించి ఉంటే బలవంతం చేయకండి, అది షాపువాళ్లకి వదిలేయాల్సిన పని.

కొత్తది వేశాక షాపు మెట్లు దిగకముందే రిపోర్టు తీయండి. ఫుల్ చార్జ్ కెపాసిటీ డిజైన్ కెపాసిటీకి దగ్గరగా, సైకిల్ కౌంట్ సున్నా లేదా ఒకటి రెండు ఉండాలి. 180 అని ఉంటే అది ఇంకొకరి బ్యాటరీ. అయితే చిప్‌లో సంఖ్యలు మార్చి అమ్మే ఘనులూ ఉంటారు. కాబట్టి మర్నాడు ఇంట్లో 100 నుంచి 20 దాకా వాడి, బ్యాటరీ యూసేజ్‌లో నిజంగా ఎన్ని మిల్లీవాట్ అవర్లు ఖర్చయ్యాయో చూడండి. 42 వాట్ అవర్ల బ్యాటరీ అయితే సుమారు 33,000 రావాలి. 22,000కే అయిపోతే బిల్లు, రిపోర్టు రెండూ పట్టుకుని వెళ్లి మార్పించుకోండి. బిల్లు మీద వారంటీ నెలలు రాయించుకోవడం కొన్న రోజే చేయాల్సిన పని.

పాత బ్యాటరీని కార్పొరేషన్ చెత్తబండిలో వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదారులే వాటిని వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించాలి. కనెక్టర్ మీద ఇన్సులేషన్ టేపు చుట్టి, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయండి. కొత్తది కొన్న షాపువాళ్లు తీసుకుంటామంటే ఎక్కడికి పంపుతారో ఒక మాట అడిగి ఇవ్వండి. లోపలి సెల్స్ తీసి పవర్‌బ్యాంకులు కట్టే బల్లలు కూడా అలాంటి షాపుల సందుల్లోనే ఉంటాయి.